ఆశన్న పిలవని బంద్

ఆ శనివారం పొద్దున సింధుజ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి మార్కెట్టుకు వెళ్ళి బజ్జీ మిరపకాయలు తేవాలి. నాలుగింటికి పదకొండు ఇళ్ళవాళ్ళు తన కేఫ్‌కు వస్తారు. వాళ్ళు బజ్జీలు తింటుండగా ఆశన్న తీర్పు చెప్తాడు. ఏడింటికి ముజమ్మిల్ పాట మొదలుపెడతాడు. మిరపకాయలు మరీ ఘాటుగా ఉండి పెద్దవాళ్ళకు పొలమారుతుందేమో అన్నదొక్కటే ఆమె భయం.

కేఫ్ పేరు సింధు మ్యూజిక్ కేఫ్. బోధన్ రోడ్డు మీద, ట్రాక్టర్ సామాన్ల దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉంటుంది. శని, ఆదివారాల సాయంత్రం అక్కడ ముగ్గురు కూర్చుని పాటలు వినిపిస్తారు కాబట్టి బాన్సువాడ జనం దానికి 'పబ్బు' అని పేరు పెట్టేశారు. ఆ పబ్బులో దొరికే అతి మత్తైన పానీయం బాదంపాలు. అయినా పేరు పేరే. వర్ని నుంచి, కోటగిరి నుంచి కొత్త దంపతులు మోటారు సైకిళ్ళ మీద వచ్చి, రెండు పాటలు విని, పబ్బుకు పోయొచ్చామని ఇంట్లో తప్ప ఊరంతా చెప్పుకునేవారు.

సింధుజ ఆరేళ్ళు నిజామాబాద్‌లో ఒక హోటల్ కౌంటర్ మీద కూర్చుని, చుట్టాలందరూ వద్దన్న తర్వాత పెట్టుకున్న కేఫ్ అది. పాట లేకపోతే అదీ ఒక టిఫిన్ సెంటరే, బాన్సువాడలో టిఫిన్ సెంటర్లకు కరువేమీ లేదు. ముజమ్మిల్ సంగతి చెప్పనక్కర్లేదు. పదేళ్ళు పెళ్ళి ఊరేగింపుల్లో బండి వెనక నడుస్తూ పాడిన గొంతు అతనిది. కుర్చీలో కూర్చుని పాడటం, పాట అయ్యాక ఎదుటివాళ్ళు చప్పట్లు కొట్టడం అతనికి ఇక్కడే మొదలు.

చిక్కల్లా ఒక్క గోడతో వచ్చింది. గోడకు ఇవతల పాట, అవతల పక్కింటి మేడ మీద ఉండే మెహరాజ్ బేగం మనవరాలు మిస్బా. మిస్బా టీచర్ ఉద్యోగం పరీక్షకు చదువుతోంది. బేగం ఊరికే గొడవపడే మనిషి కాదు. మొదట వచ్చి మంచిగానే చెప్పింది. సింధుజ సౌండు తగ్గించింది. బేగం మళ్ళీ వచ్చింది. సింధుజ కిటికీలు మూయించింది. మూడోసారి బేగం పదకొండు సంతకాలతో కాగితం పట్టుకుని వచ్చింది.

"చూడు బిడ్డా, నేను పాటకు దుష్మన్ కాదు. గోడ అవతల డుబ్బుడుబ్బు అంటుంటె పిల్ల ఎట్ల చదువుతది? ఇంక ఇరవై రోజులే ఉన్నది. సోమవారం దాంక చూస్త. అప్పటికి తేలకపోతె ఇది స్టేషన్ల ఇచ్చేస్త. వాళ్ళొచ్చి తాళం వేస్తె నన్ననొద్దు."

"ఖాలా, పోలీసులదాంక ఎందుకు? ఎవలన్న పెద్దమనిషిని కూసోబెట్టి మాట్లాడుకుందం. నువ్వు చెప్పినోళ్ళనే పిలుస్త," అంది సింధుజ.

బేగం ఎక్కువ ఆలోచించలేదు. "ఆశన్నను పిలువు. ఆయన చెప్తె వింట," అంది.

ఆశన్న ముప్పై నాలుగేళ్ళు నిజాంసాగర్ కాలువ మీద లష్కర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. లష్కర్ అంటే కాలువ తూముల దగ్గర షట్టర్లు ఎత్తి దించేవాడు. చెప్పుకోవడానికి చిన్న ఉద్యోగమే. కానీ ఎండలు ముదిరి, కాలువలో నీళ్ళు తగ్గి, ఎగువ రైతులూ దిగువ రైతులూ పారలు పట్టుకుని తూము దగ్గర ఎదురెదురుగా నిలబడ్డప్పుడు, ఆ రెండు గుంపుల మధ్యకు ఒక సైకిల్ వచ్చి ఆగేది. సైకిల్ దిగిన మనిషి గొంతు పెంచేవాడు కాదు. అరగంటలో పారలన్నీ మళ్ళీ భుజాల మీదకెక్కి ఎవరి పొలాలకు వారు పోయేవారు. పెద్ద చదువులు చదివిన ఆఫీసర్లు కూడా జీపు దిగగానే, ఆశన్న ఎక్కడని అడిగేవారట. నిజంగా గొప్పవాళ్ళకు కుర్చీ చిన్నదే ఇస్తారు, మన దేశంలో అదొక ఆచారం.

పిలవగానే ఆశన్న గురువారం వచ్చి కేఫ్ చూశాడు. గోడ మీద చెయ్యి పెట్టాడు. బేగం ఇంటికి వెళ్ళి అటువైపు నుంచీ చెయ్యి పెట్టాడు. రోడ్డు మీద లారీలు, పక్కన వెల్డింగ్ షాపు, ఎదురుగా పిండిగిర్ని ఒకదాన్ని మించి ఒకటి మోగుతుంటే తల ఊపి, శనివారం చెప్తానని వెళ్ళిపోయాడు.

శనివారం తొమ్మిదింటికి సింధుజ అనుకున్నట్టే మార్కెట్టుకు వెళ్ళింది. తొమ్మిదీ పదికి కేఫ్ ఫోను మోగింది. వంటమనిషి రాము చేతులు తుడుచుకుని ఎత్తాడు.

"ఎవలు, సింధుజనా?" తగాదాల్లో పెరగని ఆశన్న గొంతు ఫోనులో మాత్రం కాలువ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినపడేలా ఉంది.

"కాదు కాకా, రామును. అక్క మార్కెట్‌కు పోయింది."

"సరే, యాది పెట్టుకొని చెప్పు. రెండు దినాలు సోంచాయించిన. ఇగ వారబందే, వేరే తొవ్వ లేదు. ఇయ్యాల్టి నుంచే షురూ. పైనున్నోళ్ళు షట్టర్లు దించాలె. కొసకున్నోళ్ళ దాంక అందరికి ఎరుక చెయ్యి. ఎవలన్న లొల్లి వెడితె ఆశన్న చెప్పిండని చెప్పు."

కాలువ కింద పుట్టిన పిల్లలకు ఈ మాట నడక రాకముందే తెలుస్తుంది. వారబంది అంటే వంతుల పద్ధతి. వారంలో ఇన్ని గంటలు నీ పొలానికి, ఇన్ని గంటలు నా పొలానికి అని వంతులు కట్టుకుని, నా వంతు వచ్చినప్పుడు నువ్వు షట్టర్ దించాలి. పాటకూ చదువుకూ అలాగే వంతులు పెడదామని ఆశన్న ఆలోచన. పదకొండు ఇళ్ళకూ ఆ మాట ముందే చెప్పి ఉంచమని అతని ఉద్దేశం.

కానీ రాముది జుక్కల్ దిక్కు, మరాఠీ పొలిమేరలో వానపంటల ఊరు. నీళ్ళు పైనుంచి పడటం అతనికి తెలుసు, పక్కనుంచి వంతుల ప్రకారం రావడం తెలియదు. అతను విన్నది 'వారం బంద్' అని. షట్టర్లంటే దుకాణాల షట్టర్లే. పైనున్నోళ్ళ నుంచి కొసకున్నోళ్ళ దాకా అంటే బోధన్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఆశన్న మాటలో ఎక్కడా సందేహం లేదు. రాము చెప్పిన పని చేసే మనిషి. గ్యాసు కట్టేసి, మోటారు సైకిల్ తీశాడు.

మొదట కిందనున్న ట్రాక్టర్ సామాన్ల దుకాణంలో చెప్పాడు. తర్వాత వెల్డింగ్ షాపులో. మూడో మజిలీ చందూలాల్ కిరాణా.

"వారం బంద్, సేట్. ఇయ్యాల్టి నుంచే. షట్టర్ దించుండ్రి."

చందూలాల్ ముప్పై ఏళ్ళ వ్యాపారంలో చూడని బంద్ లేదు. తక్కెడ కింద పెట్టాడు. "ఎవలు పిలిచిండ్రు?"

"ఆశన్న."

"ఏ ఆశన్న? ఏ పార్టీ?"

"పార్టీ తెల్వదు సేట్. కాలువ ఆశన్న."

చందూలాల్ ముఖం గంభీరమైంది. "పార్టీ బంద్ అయితె పన్నెండు కొట్టంగనె ఒడుస్తది. కాలువోళ్ళ బంద్ అంటె నీళ్ళ పంచాయితి. అది నిజంగనె వారం నడుస్తది," అన్నాడు. బజారులో ఈ విషయంలో అతని మాటకు తిరుగులేదు. అతను షట్టర్ సగం దించాడు. పూర్తిగా దించితే నష్టం, దించకపోతే ప్రమాదం. సగం దించితే సరుకు కొనేవాళ్ళు నడుములు వంచి లోపలికి దూరాలి, అలా దూరేవాళ్ళను చూసి దారిన పోయేవాళ్ళు ఏదో అయిపోతోందనుకుని తామూ దూరతారు. పదింటికల్లా ఆ దుకాణంలో ఉప్పు అయిపోయింది. పదకొండింటికి పప్పు అయిపోయింది. పండుగ రోజున కూడా అంత గిరాకీ చూడని చందూలాల్ ఆశన్న ఎవరో గానీ గొప్ప నాయకుడనుకున్నాడు.

అప్పటికి వార్త ఫోన్లలోకి ఎక్కింది. మొదటి మెసేజ్‌లో వారం రోజుల బంద్ అని మాత్రమే ఉంది. రెండోదానిలో నీళ్ళ కోసమని చేరింది. మూడోదాన్ని పంపినవాడు ఎవరో గానీ భాషాభిమాని, 'రైతాంగం కన్నెర్ర' అని శీర్షిక కూడా పెట్టాడు. షేర్ ఆటోలవాళ్ళు దొరికిన మనుషులను ఎక్కించుకుని ఊళ్ళకు వెళ్ళిపోయారు. పిండిగిర్ని ఆగింది. రాము మాత్రం ఇవేవీ చూడకుండా, కొస ఎక్కడుందో తెలియక, ఊరు దాటి చిట్టచివరి పంక్చర్ దుకాణం దాకా పోతూనే ఉన్నాడు.

మార్కెట్టులో సింధుజ పరిస్థితి ఏం చెప్పాలి. ఆమె మిరపకాయల బుట్ట దగ్గరికి చేరేసరికి ఆ బుట్టే లేదు. టమాటాలు లేవు, ఉల్లిగడ్డలు లేవు. వారానికి సరిపడా కూరగాయలు కొనుక్కునే తొందరలో జనం ఒకరి సంచిలోవి ఇంకొకరు తీసుకుంటున్నారు. ఎవరూ ముట్టనివి కాకరకాయలు మాత్రమే.

"బంద్ ఎందుకంట అవ్వా?" అని సింధుజ కాకరకాయలమ్మే హీరాబాయిని అడిగింది.

"నాకేమెర్క బిడ్డా. అందరు బంద్ అంటుండ్రు, నేను గూడ అంటున్న. తీస్కో, నాలుగు కిలోలున్నయి."

సింధుజ నాలుగు కిలోల కాకరకాయలతో నడిచి కేఫ్‌కు చేరింది. రాము లేడు. ఆశన్నకు ఫోన్ చేస్తే మోగీ మోగీ ఆగిపోయింది. ఆయన ఫోను ఇంట్లో పెట్టి పొలం పోయాడని ఆమెకు తెలియదు. బంద్ రోజున ఆశన్న ఎలా వస్తాడు, పదకొండు ఇళ్ళవాళ్ళు ఎలా వస్తారు? ఈరోజు పంచాయితీ జరగకపోతే సోమవారం కాగితం స్టేషన్‌కు పోతుంది. ఏడాదిగా పడ్డ కష్టమంతా ఎవరో ఊరూపేరూ లేనివాడు పిలిచిన బంద్‌లో కొట్టుకుపోతోంది. ఆమె కాకరకాయల సంచి పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

గోడ అవతల సంగతి ఇంకా అన్యాయంగా ఉంది. బేగం ఇంటికి వార్త చేరేసరికి దానికి కొత్త కొమ్ములు వచ్చాయి. సంతకం పెట్టిన పదకొండు మందిలో ఒకరైన వనిత రొప్పుతూ వచ్చి చెప్పింది.

"చాచీ, పబ్బు వంటాయన బండి మీద దిరిగి బంద్ చేపిస్తుండంట. నేను కండ్లార చూసిన, మా మూల మీది దుకాణం మూపిచ్చిండు."

బేగం చేతిలో తిరుగుతున్న తస్బీ పూసలు ఆగిపోయాయి. "పబ్బోళ్ళా? ఎందుకు?"

"ఎందుకేంది, మనం కాయితం రాసినం గద. దాని మీదనే."

బేగం నిదానంగా లేచి బుర్ఖా వేసుకుంది. "మంచిగ మాట్లాడుకుందమని మొన్న నా తాన తలకాయ వంచుకొని కూసున్నది. ఇయ్యాల నా మీద ఊరంత బంద్ పిలిచింది. ఇగ సోమవారం దాంక ఆగుడు నక్కో. ఇప్పుడే స్టేషన్‌కు పోదం. అందరిని పిలువు," అంది.

ఆటోలు లేవు కాబట్టి నడిచే పోయారు. పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళు, ముందు బేగం. ఎండ ముఖాన పడుతుంటే ఆమె సంతకాల కాగితాన్ని నుదుటికి అడ్డంగా ఎత్తి పట్టుకుంది. దూరం నుంచి చూసేవారికి అది అచ్చం ఊరేగింపు. సగం షట్టర్ల కింద వ్యాపారం చేస్తున్నవాళ్ళంతా దాన్ని చూసి మిగతా సగం దించేశారు. చందూలాల్ ఒక్కడే ధైర్యంగా బయటికి వచ్చి, నాలుగు నీళ్ళ సీసాలు వనిత చేతిలో పెట్టి, తన మద్దతు కూడా రాసుకోమని గుసగుసగా చెప్పి లోపలికి దూరాడు.

బాల్కనీ నుంచి ఇదంతా చూసిన సింధుజ చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరుగెత్తింది. చౌరస్తాలో అందుకుంది.

"ఖాలా, సోమవారం దాంక ఆగుతనంటివి గద."

"నువ్వు ఆగినవా? బంద్ పిలిచేటోళ్ళతోని మాట్లాడేదేమున్నది?"

"నేను బంద్ పిలుచుడేంది? నాకే ఒక్క మిర్పకాయ దొరకలే," అంది సింధుజ, కళ్ళ నీళ్ళతో.

అదే సమయానికి ఒక వైపు నుంచి మోటారు సైకిల్ మీద రాము, ఇంకో వైపు నుంచి చేతికర్రతో ఆశన్న ఆ చౌరస్తాకు వచ్చారు. ఆటో దొరక్క ఆశన్న మూడు కిలోమీటర్లు నడిచాడు. రాము ముఖం పని పూర్తి చేసిన తృప్తితో వెలిగిపోతోంది.

"కాకా, కొసదాంక చెప్పొచ్చిన. ఒక్క షట్టర్ కూడ లేస్తలేదు."

ఆశన్న మూసిన దుకాణాలను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. "ఏం చెప్పినవ్ బిడ్డా?"

"మీరు చెప్పిందే. వారం బంద్ అని."

అక్కడున్న పదకొండు మందిలో కాలువ కింద పొలాలున్నవారే ఎక్కువ. ముందు వనితకు అర్థమై చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సింధుజ తల పట్టుకుంది. బేగం కాగితం దించి, రామును కింది నుంచి పైదాకా చూసి, "వారబంది గాదురా?" అంది. ఆ మాట చౌరస్తా అంతా పాకింది. చందూలాల్ షట్టర్ కింద నుంచి తల బయట పెట్టాడు.

"అయితె అన్నా, బంద్ ఎత్తేసినట్లేనా?"

"నేను పిలువలే గద సేట్, ఎట్ల ఎత్తేస్త?" అన్నాడు ఆశన్న.

చందూలాల్‌కు అందులో న్యాయం కనిపించింది. తల మళ్ళీ లోపలికి పెట్టుకున్నాడు.

ఇంకొకడైతే ఆ సమయంలో రామును నాలుగు తిట్టేవాడు. రాము కూడా తిట్లకు సిద్ధమై నిలబడ్డాడు. ఆశన్న అతని భుజం మీద చెయ్యి వేసి, చెవి ఒక పక్కకు వంచి, రోడ్డును వింటున్నట్టు నిలబడిపోయాడు. లారీ లేదు. ఆటో లేదు. వెల్డింగ్ లేదు, గిర్ని లేదు. ఎక్కడో ఒక మేక అరిస్తే అది ఏ వీధిలో అరిచిందో కూడా తెలుస్తోంది.

"పోరగాడు తప్పు చెయ్యలే. నేను రెండు దినాల నుంచి వెతుకుతున్నది ఇదే. కాలువ నిండ పారుతున్నప్పుడు గండి ఎక్కడున్నదో దొరకది చెల్లె. అన్ని షట్టర్లు దించి ఒక్కటి ఇడిస్తె అప్పుడు దొరుకుతది. ఊరు మళ్ళ ఎన్నడు గింత సప్పుడు లేకుంట ఉంటదో ఏమో. నడువుండ్రి, మీ ఇంటికి పోదం," అన్నాడు బేగంతో.

పదకొండు మంది వెనక్కి తిరిగారు. వాళ్ళ వెనక రాము బండి తోసుకుంటూ నడిచాడు. మిస్బా చదువుకునే గదిలో ఆశన్న పీట వేసుకుని కూర్చుంటే, గుమ్మం దాకా ఆడవాళ్ళు నిండిపోయారు. గోడ అవతల సింధుజ ముజమ్మిల్‌ను, డ్రమ్ములు వాయించే బిట్టునూ పిలిపించింది.

"పాట మొదలుపెట్టుమను. ఒక్క గొంతే," అన్నాడు ఆశన్న.

ముజమ్మిల్ పాడాడు. గోడ ఇవతలికి సన్నగా, పక్క వీధిలో ఎవరో పాడుతున్నట్టు వినపడింది. బేగం ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఇప్పుడు డప్పు గూడ."

బిట్టు డ్రమ్ము మీద రెండు దెబ్బలు వేశాడు. ఆశన్న గోడ వైపు చూడలేదు. గూట్లో మిస్బా పుస్తకాలు పెట్టుకున్న షాబాద్ బండ వైపు చూస్తున్నాడు. ఆ బండ మీద పెన్నుల గ్లాసు డుబ్బుకొకసారి చిన్నగా వణుకుతోంది. ఆశన్న లేచి బండ మీద అరచెయ్యి పెట్టాడు. అలాగే కేఫ్‌లోకి వెళ్ళి అటువైపు చూశాడు. గోడకు ఆ పక్క కూడా అదే ఎత్తులో ఒక బండ ఉంది. దాని మీద పెద్ద స్పీకర్ డబ్బా కూర్చుని ఉంది. ఎప్పుడో అన్నదమ్ములిద్దరు కట్టుకున్న జంట ఇళ్ళు అవి. ఖర్చు కలిసి వస్తుందని గోడలో నుంచి ఒకే బండ దూర్చి, ఇటు సగం, అటు సగం అరలుగా వాడుకున్నారు. అంటే ఇన్నాళ్ళుగా స్పీకర్ మోగుతున్నది నేరుగా మిస్బా పుస్తకాల మీదే.

సౌండు తగ్గించినా, కిటికీలు మూసినా ఎందుకు లాభం లేకపోయిందో సింధుజకు అప్పుడు తెలిసింది. ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లు వచ్చి మీటర్లు పెట్టి కొలిస్తే కూడా దొరుకుతుందో లేదో. ఒక ముసలాయన పెన్నుల గ్లాసు చూసి పట్టేశాడు. చదువు లేనివాడంటే ఎవరో ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళెవరూ చెప్పలేకపోయేవారు.

స్పీకర్‌ను ఎదుటి గోడకు మార్చారు. రైస్ మిల్లు వెనక నుంచి రాము నాలుగు బస్తాల ఊక తెచ్చాడు. ఈసారి ఆశన్న అతనితో ఒక్కొక్క మాటా రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఊక బస్తాల మీద స్పీకర్ పెట్టి బిట్టు మళ్ళీ వాయిస్తే, గ్లాసు కదలలేదు.

"గండి పూడ్చినం. ఇగ వారబంది," అన్నాడు ఆశన్న. "ఒక కాయితం తెండ్రి."

కాగితం కొందామంటే దుకాణాల్లేవు. బేగం చేతిలోనిది ఇచ్చింది. ఆశన్న దాన్ని తిరగేశాడు. "ముందర సంతకాలున్నయి, ఎనక వంతులు రాస్తె సరిపాయె," అని మిస్బాను పిలిచి రాయించాడు. పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు అయ్యేదాకా పాట లేదు. ఏడు నుంచి ఎనిమిది పాట వంతు. ఎనిమిది తర్వాత చదువు వంతు, పరీక్ష అయ్యేదాకా. అందరూ తల ఊపారు. అప్పుడు ఆశన్న ఇంకో మాట అన్నాడు.

"పాట పెట్టె కరెంటు బటన్ చెల్లె ఇంట్ల బిగించుండ్రి."

సింధుజ గబగబా ముందుకు వచ్చింది. "కాకా, ఖాలా ఎప్పుడంటె అప్పుడు బంద్ చేస్తె?"

"చెయ్యనియ్యి. నా కాలమంత తూము తాళంచెవి కొసకున్న రైతు చేతిలనే పెట్టిన. తలకాడున్నోని చేతిల పెడితె వాడు నిద్రవోతడు. కొసకున్నోడు అందరికి అందినంకనే తనకు అందుతదని తెలిసినోడు. వాడు ఊకె మూయడు."

బేగం మిస్బా రాసిన వంతులను ఒకసారి చూసుకుంది. తర్వాత సింధుజ వైపు తిరిగింది. "కోటగిరి కింద మాకు రెండెకరాలు ఉండె. అందరికంటె కొసకు. ఈయన తాళంచెవి మా ఆయన చేతిల పెట్టిండు. అన్ని సంవత్సరాలల్ల ఎవల వంతు ఒక్క నిమిషం తక్వ కానియ్యలే మా ఆయన. నన్ను నమ్ముతవా నమ్మవా?"

సింధుజ బిట్టును వైరు తెమ్మంది. పగటి పూట అతను కరెంటు పనే చేస్తాడు. వెంటిలేటర్‌లో నుంచి వైరు లాగి బేగం కూర్చునే మంచం పక్కన బటన్ బిగించాడు.

ఆ సాయంత్రం కేఫ్‌లో జనం పట్టలేదు. ఊళ్ళో అన్ని హోటళ్ళూ మూసి ఉన్నాయి, ఆటోలు దొరకనివాళ్ళు ఎక్కడికీ పోలేకపోయారు. ఇదొక్కటే తెరిచి ఉండటానికి కారణం రాము తర్వాత చెప్పాడు. మొదటి అంతస్తులో గాజు తలుపే గానీ షట్టర్ లేదు కాబట్టి, దించే ప్రసక్తి రాలేదట. వచ్చినవాళ్ళందరికీ రాము కాకరకాయ బజ్జీలు వేసిపెట్టాడు. ఆకలి మీద ఉన్న బాన్సువాడ వాటిని మెచ్చుకుంటూ తింది.

ఏడింటికి ముజమ్మిల్ మొదలుపెట్టాడు. ఆ పగటి నిశ్శబ్దం ఇంకా ఊరి మీదే ఉందేమో, అతని గొంతు ఎన్నడూ లేనంత స్పష్టంగా నిలిచింది. పెళ్ళి బండి వెనక దుమ్ములో వృథా అయిపోయిన పదేళ్ళూ తిరిగి వసూలు చేసుకుంటున్నట్టు పాడాడు. వినేవాళ్ళలో కొందరు బజ్జీ చేతిలో పట్టుకుని నోట్లో పెట్టుకోవడం మరిచిపోయారు.

ఎనిమిది అయ్యేసరికి అతను ఒక పాట నడిమధ్యలో ఉన్నాడు. సింధుజ గడియారం చూసింది. బిట్టు గడియారం చూశాడు. విషయం తెలిసినవాళ్ళంతా గోడ వైపు చూశారు. ఇప్పుడు ఆ పాట మధ్యలో తెగితే తప్పు బేగంది కాదు, వంతు ఆమెదే. ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. ముజమ్మిల్ కళ్ళు మూసుకుని చివరి చరణం పాడి, నెమ్మదిగా దించి, ఆపాడు. అప్పుడు టక్కుమని కరెంటు పోయింది. స్పీకర్ మూగబోయింది.

జనం చప్పట్లు కొట్టి లేవబోతున్నారు. అంతలో గాజు తలుపు తెరుచుకుంది. గుమ్మంలో మెహరాజ్ బేగం నిలబడి ఉంది.

"పాట నడిమిట్ల కోసుడు తమీజ్ కాదని ఆగిన," అంది. తర్వాత సింధుజను చూసి గొంతు తగ్గించింది. "పొద్దుగాల్నుంచి ఊరంత సప్పుడు లేకుంటుండె గద, రెండు దినాల చదువు ఒక్కనాడే అయిందంట పిల్లకు. కండ్లు మూతలు వడుతున్నయి, పండుకుంటనన్నది. మా పొలం తడిసింది బిడ్డా. ఇయ్యాల మిగిలిన వంతు మీరు పారిచ్చుకోండ్రి."

కాలువ కింద రైతు తన వంతు నీళ్ళు పక్కవాడికి ఇవ్వడమంటే ఏమిటో తెలిసినవాళ్ళు అక్కడ చాలామందే ఉన్నారు. సింధుజ వెళ్ళి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. బేగం విడిపించుకుని, బటన్ తనే వెయ్యాలి కదా అంటూ ఇంటికి పోయింది. స్పీకర్ మళ్ళీ మేలుకుంది. ముజమ్మిల్ కళ్ళు తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు.

మెట్ల దగ్గర ఆశన్న చేతికర్ర వెతుక్కుంటున్నాడు. సింధుజ పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆపింది.

"ఎక్కడికి కాకా, ఇప్పుడే పోతవా? ముందట కూసో. నీకు నచ్చిన పాట పాడిపిస్త."

"నాకు పాటలు పడవు బిడ్డా," అన్నాడు ఆశన్న మెట్లు దిగుతూ.

ముప్పై నాలుగేళ్ళు కాలువ గట్టున తిరిగిన ఆ మనిషికి ఈత కూడా రాదట.